కరువు నేలలో దోమ ఎక్కడ పుడుతుంది?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో చదువుల గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడే పెద్దలు చాలామంది ఉన్నారు. నన్ను మాత్రం ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టరును కాను. బడిలో పిల్లలకు జీవశాస్త్రం చెప్పినవాణ్ణి. కాబట్టి జబ్బుకు మందు చెప్పే అధికారం నాకు లేదు. జబ్బును మోసుకొచ్చే దోమ సంగతి మాత్రం కొంత చెప్పగలను. పాఠం చెప్పినట్టుంటే పెద్దలు మన్నించాలి.

మన ఊళ్ళో దోమల మాట ఎత్తితే వెంటనే ఒక జవాబు వినిపిస్తుంది. "సారూ, దోమలనేవి వరిమళ్ళుండే చోట, కాలువలుండే చోట పుడతాయి. మన తాడిపత్రిలో తాగేదానికే నీళ్ళు చాలవే, దోమలు యాడ పుడతాయి?" అంటారు. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. పెన్నలో నీళ్ళు పారే రోజులకన్నా ఇసుక కనిపించే రోజులే ఎక్కువ. అందుచేత ఆ మాటలో కొంత న్యాయం ఉన్నట్టే తోస్తుంది. కాని అది సగం నిజమే. దోమకు చెరువు అక్కర్లేదు, తొట్టి చాలు. నీళ్ళు కరువైన చోట మనిషి నీళ్ళు దాచుకుంటాడు. దాచుకున్న నీళ్ళలో దోమ గుడ్లు పెడుతుంది. ఈనాడు నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క సంగతే.

చలిజ్వరం దోమవల్ల వస్తుందని లోకానికి తెలిసి ఎంతో కాలం కాలేదు. పూర్వం చెడుగాలివల్ల వస్తుందనుకునేవారు. మలేరియా అనే మాటకు అర్థం కూడా చెడుగాలి అనే. 1880లో అల్జీరియా దేశంలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు రోగి రక్తంలో ఈ జబ్బు క్రిమిని మొదటిసారి చూశాడు. అయితే ఆ క్రిమి ఒక మనిషి రక్తంలోంచి ఇంకొక మనిషి రక్తంలోకి ఎలా వెళుతుంది? ఆ ప్రశ్నకు జవాబు దొరకడం మొదలైంది మన తెలుగు గడ్డమీద, సికింద్రాబాదులో.

రోనాల్డ్ రాస్ అల్మోరాలో పుట్టిన ఆంగ్లేయ సైనిక వైద్యుడు. బేగంపేటలో మిలిటరీ ఆసుపత్రిలో పని చేస్తూ, రోగులను కుట్టిన దోమలను పట్టుకుని, పొట్ట కోసి, సూక్ష్మదర్శినిలో చూసేవాడు. ఎండాకాలంలో కూడా పంకా వేసుకునేవాడు కాదట. గాలికి కోసిన దోమ ఎగిరిపోతుందని భయం! చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టిపోయాయి. 1895 నుంచి ఎన్నో దోమలను కోసినా ఏమీ దొరకలేదు. కారణం ఏమంటే, అన్నాళ్ళూ ఆయన కోసినవి వేరే జాతి దోమలు. మలేరియా క్రిమి పెరిగేది అనాఫిలిస్ జాతి దోమలోనే.

1897 ఆగస్టులో రెక్కలమీద మచ్చలున్న దోమలు కొన్ని ఆయనకు దొరికాయి. ఆసుపత్రిలో హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి ఉన్నాడు. కుట్టించుకున్న దోమకు ఒక అణా చొప్పున ఇస్తామంటే ఆయన ఒప్పుకున్నాడు. ఆగస్టు 16న పది దోమలు కుట్టాయి, పది అణాలు ముట్టాయి. ఆగస్టు 20న రాస్ ఆ దోమల్లో ఒకదాన్ని కోసి చూస్తే, పొట్టగోడమీద నల్లని చుక్కలున్న గుండ్రని కణాలు కనిపించాయి. ఆ నల్లచుక్కలు మలేరియా క్రిమిలో ఉండేవే. మర్నాడు ఇంకొక దోమను కోస్తే అవే కణాలు ఇంకా పెద్దవిగా ఉన్నాయి. అంటే క్రిమి దోమలో బతకడమే కాదు, పెరుగుతోందన్నమాట. అందుకే ఆగస్టు 20ని ఇప్పటికీ ప్రపంచ దోమల దినంగా జరుపుతున్నారు.

తర్వాత 1898లో కలకత్తాలో రాస్ పక్షుల మలేరియా మీద పని చేసి, క్రిమి చివరికి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరి, కుట్టినప్పుడు బయటికి వస్తుందని చూపించాడు. అక్కడ ఆయనకు దోమలు పట్టి తెచ్చి సాయపడినవాడు మహమ్మద్ బక్ష్. అదే ఏడాది ఇటలీలో గ్రాసీ, ఆయన సహచరులు మనుషుల మలేరియాను మోసేది అనాఫిలిస్ దోమేనని రుజువు చేశారు. 1902లో నోబెల్ బహుమతి రాస్‌కు వచ్చింది. బడి పుస్తకాల్లో రాస్ పేరు ఉంటుంది. దోమలకు చేయి చాచిన హుసేన్ ఖాన్‌ను, దోమలు పట్టిన మహమ్మద్ బక్ష్‌ను కూడా మన పిల్లలకు చెప్పాలి. పెద్ద పరిశోధన ఏదీ ఒక్కడి చేతిమీద జరగదు.

ఇక దోమ లెక్క చూద్దాం. మనల్ని కుట్టేది ఆడదోమ ఒక్కటే. గుడ్లు పెట్టడానికి దానికి రక్తం కావాలి. గుడ్లు నీళ్ళమీద పెడుతుంది. గుడ్డు పగిలి పురుగవుతుంది, పురుగు ప్యూపా అవుతుంది, ప్యూపాలోంచి రెక్కల దోమ వస్తుంది. మన ఎండలకు ఇదంతా ఏడు నుంచి పది రోజుల్లో అయిపోతుంది. ఆ దోమ మలేరియా రోగిని కుట్టాక, క్రిమి దానిలో పెరిగి లాలాజలంలోకి చేరడానికి మరో పది పన్నెండు రోజులు పడుతుంది. అంతవరకు ఆ దోమ కుట్టినా మలేరియా రాదు. ఈ లెక్కలోనే మన బలం ఉంది. వారం తిరక్కముందే నీళ్ళలోని పురుగును చంపితే దోమే పుట్టదు. రోగికి వెంటనే మందు పడితే, ఉన్న దోమకు క్రిమి దొరకదు.

అనాఫిలిస్‌లో చాలా రకాలున్నా, మనం తెలుసుకోవలసినవి రెండు. ఒకటి క్యూలిసిఫేసిస్, అంటే పల్లెటూరి దోమ. వాగుల్లో నిలిచిన మడుగులు, కాలువలు, బావులు, గుంతలు దాని నివాసాలు. మన దేశంలో మలేరియా సగానికి పైగా ఇదే మోస్తోంది. రెండోది స్టెఫెన్సీ, అంటే పట్నం దోమ. ఇది తేటనీళ్ళు కోరుతుంది. ఇంటి మీద ట్యాంకు, కింద సంపు, సిమెంటు తొట్టి, వాడని బావి, ఇల్లు కట్టేచోట పెట్టిన నీళ్ళ గుంట, ఇవన్నీ దానికి పుట్టిల్లు. మురుగు కాలువలో పుట్టే దోమ వేరు, అది క్యూలెక్స్. కాలువ కంపు కొడుతోందని మునిసిపాలిటీమీద మనం ఫిర్యాదు చేస్తాం, చేయవలసిందే. కాని మలేరియా దోమ ఆ కంపు కాలువలో కాదు, మనం బిందెతో ముంచుకునే తేటనీళ్ళలో ఉంటుంది.

పిల్లలకు ఒక గుర్తు చెప్తాను. తొట్టిలోకి టార్చి లైటు వేసి చూడండి. తోకకున్న గొట్టాన్ని నీటి పైభాగానికి ఆనించి, తల కిందికి వేలాడేసి ఉంటే అవి వేరే దోమల పురుగులు. నీటిమీద గడ్డిపోచలా అడ్డంగా పడుకుని ఉంటే అది అనాఫిలిస్. పెద్ద దోమను కూడా గుర్తు పట్టవచ్చు. అనాఫిలిస్ గోడమీద వాలినప్పుడు తల కిందికి, తోక పైకి పెట్టి మేకు దిగ్గొట్టినట్టు వాలుగా కూర్చుంటుంది.

కరువుకూ దోమకూ పొత్తు ఉందని నేను ఊహించి చెప్పడం లేదు. 1934లో సింహళంలో, అంటే ఇప్పటి శ్రీలంకలో, నైరుతి వానలు ఎగ్గొట్టాయి. ఎప్పుడూ నిండుగా పారే నదులు ఎండి మడుగులైపోయాయి. పారే నీళ్ళలో కొట్టుకుపోవలసిన క్యూలిసిఫేసిస్ పురుగులు ఆ మడుగుల్లో హాయిగా పెరిగాయి. 1934-35లో కొద్ది నెలల్లోనే దాదాపు 80 వేల మంది మలేరియాతో చనిపోయారు. వరద వచ్చి కాదు, వాన రాక! మన పెన్నను ఒకసారి తలచుకోండి. పారే పెన్న ప్రమాదం కాదు. పారడం ఆగాక మిగిలే మడుగులు, ఇసుక తవ్విన గుంతలు, వాటినే కనిపెట్టి ఉండాలి.

పట్నం దోమకు బొంబాయి సాక్ష్యం. ఆ నగరంలో మలేరియాకు మూలం ఇళ్ళ మధ్య ఉన్న బావుల్లో పుట్టే స్టెఫెన్సీ అని తేలింది. డాక్టర్ బెంట్లీ 1911లో దీనిమీద నివేదిక ఇచ్చాడు. బావులు పూడ్చడం, మూతలు వేయించడం అక్కడ పెద్ద పని అయింది. ఇదే దోమ ఇప్పుడు సముద్రాలు దాటి పోతోంది. 2012లో ఆఫ్రికాలోని జిబూతీలో, 2016లో ఇథియోపియాలో కనబడింది. శ్రీలంక మలేరియా లేని దేశమని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అదే ఏడాది చివర అక్కడి మన్నార్ బావుల్లో ఈ దోమ దొరికింది. మన తొట్లలో పుట్టే దోమ గురించి ప్రపంచమంతా ఆందోళన పడుతోందని గమనించగలరు.

ఇక్కడున్న పెద్దలకు డి.డి.టి. రోజులు గుర్తుండే ఉంటాయి. మలేరియావాళ్ళు వచ్చి గోడలకు మందు కొట్టి, తలుపు పక్కన తేదీలు రాసి పోయేవాళ్ళు. జ్వరం ఉందంటే వేలు గుచ్చి గాజు పలకమీద రక్తం తీసుకునేవాళ్ళు. 1947లో మన దేశంలో ఏటా 7 కోట్ల 50 లక్షల మందికి మలేరియా వస్తుండేదని, 8 లక్షల మంది చనిపోతుండేవారని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1958లో దాన్ని నిర్మూలన కార్యక్రమంగా మార్చారు. రక్తం తాగిన దోమ గోడమీద వాలుతుంది, గోడకు మందు ఉంటే చస్తుంది. సూత్రం ఇంతే. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. ఇక మలేరియా పోయినట్టేనని అందరూ సంతోషించారు. కాని 1976లో మళ్ళీ 64 లక్షలు దాటాయి.

ఎందుకిలా జరిగింది? డి.డి.టి.కి చావని దోమలు తయారయ్యాయి. మందు వేళకు అందలేదు, కాపలా సడలింది. మందు కొట్టిన గోడకు మర్నాడే సున్నం కొట్టడం, మట్టితో అలకడం మనవాళ్ళ వంతు. అన్నిటికన్నా ముఖ్యం, పట్నంలో దోమ పుట్టే తొట్టి జోలికి ఎవరూ పోలేదు. అందుకే 1971లో పట్టణ మలేరియా పథకం తెచ్చి, పట్నాల్లో గోడకన్నా నీటిమీద దృష్టి పెట్టారు. గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో 1983 నుంచి డాక్టర్ వి.పి. శర్మ నాయకత్వాన శాస్త్రజ్ఞులు గ్రామస్థులను కలుపుకుని గుంతలు పూడ్చి, నీటిలో చేపలు వదిలి, మందు చల్లకుండానే మలేరియాను తగ్గించి చూపారు. 2023లో దేశం మొత్తం మీద నమోదైన కేసులు సుమారు 2 లక్షల 27 వేలు, మరణాలు 83. 2030 నాటికి దేశంలో మలేరియా లేకుండా చేయాలని ప్రభుత్వ సంకల్పం. మన రాష్ట్రంలో ఇప్పుడు వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం మన్యం ప్రాంతానివే. అలాగని మనం నిశ్చింతగా ఉండడానికి లేదు. 1965లో దేశం అలా అనుకునే 1976ను చూసింది.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వస్తాను. "తొట్టిలో నీళ్ళు పారబోయండి" అని చెప్పడం సులభం. మన ఆడవాళ్ళు ఊరుకుంటారా? "భాయీ, కొళాయి ఎప్పుడొస్తుందో తెలీదు. బిందె బిందె మోసి నింపిన నీళ్ళు పారబోయమంటావా?" అని అడుగుతారు. అడగడంలో తప్పు లేదు. అనంతపురం జిల్లా మనిషికి నీళ్ళు పారబోయమని చెప్పేవాడికి ఈ నేల సంగతి తెలియదన్నమాట. అందుకని నీళ్ళు పోకుండా దోమ పోయే దారులు మనవి చేస్తాను.

మొదటిది మూత. సంపుకు, మీది ట్యాంకుకు, తొట్టికి సందు లేకుండా మూత ఉండాలి. ట్యాంకు గాలి గొట్టానికి, నీళ్ళు పొర్లిపోయే గొట్టానికి సన్నటి వల కట్టాలి. మూత లేని గోలేనికి పాత చీర రెండు మడతలు వేసి తాడుతో బిగించి కట్టినా సరే. మన ఊరు బండలకు పేరు. పాలిషు చేసిన నాపరాయి ముక్క ఏ ఇంట్లోనైనా దొరుకుతుంది. తొట్టికి సరిపోయేలా కోయించి పరిస్తే, అంతకన్నా మంచి మూత ఉండదు. కాకపోతే అంచు దగ్గర సందు ఉండకూడదు.

రెండోది వారానికొకసారి వడకట్టడం. తొట్టి నీళ్ళను గుడ్డతో ఇంకో పాత్రలోకి వడబోయండి. గుడ్డలో పడ్డ పురుగుల్ని ఎండలో నేలమీద దులిపితే చస్తాయి. తొట్టి గోడలను కొబ్బరి పీచుతో తోమి, కాసేపు ఎండనిచ్చి, నీళ్ళు మళ్ళీ పోసుకోండి. ఈ తోమడం ఎందుకంటే, డెంగ్యూ తెచ్చే ఏడిస్ దోమ గుడ్లు తొట్టి గోడకు అంటించి పెడుతుంది. అవి నెలల తరబడి ఎండినా చావవు. మళ్ళీ తడి తగిలితే పగులుతాయి. అంటే ఒక్క తోముడుతో రెండు జబ్బులకు అడ్డు. ప్రభుత్వంవారు శుక్రవారాన్ని "డ్రై డే" అంటున్నారు. మన ఇళ్ళల్లో జుమ్మా పూట ఎటూ ఇల్లు కడుగుతాం, బట్టలు ఉతుకుతాం. తొట్టి అడుగున మిగిలిన నీళ్ళు ఆ కడుగుడుకే వాడండి. చుక్క వృథా కాదు.

మూడోది చేప. ఖాళీ చేయడానికి వీలు లేని నీళ్ళు కొన్ని ఉంటాయి. వాడని బావి, మసీదులో వజూ చేసే హౌజు, పాత బండల గనుల్లో నిలిచిన వాననీళ్ళు అలాంటివి. వాటిలో గంబూసియా చేపలు వదలాలి. ఈ చేపను 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చారు. వేలెడంత కూడా ఉండదు గాని, రోజుకు వంద పైచిలుకు దోమ పురుగుల్ని తింటుంది. అయితే ఒక హెచ్చరిక. దీన్ని పెన్నలోనో చెరువులోనో వదలకూడదు. మన చేపల గుడ్లను కూడా తినేస్తుంది. చుట్టూ గట్టున్న నీళ్ళకే ఇది. ఇక ఆరోగ్యశాఖవారు, మునిసిపాలిటీవారు వచ్చి తొట్టిలో అబేటు మందు వేస్తామంటే వద్దనకండి. సరైన మోతాదులో తాగేనీళ్ళలో వేయడానికి కూడా అనుమతి ఉన్న మందు అది.

నాలుగోది దోమతెర. అనాఫిలిస్ మగ్రిబ్ వేళ నుంచి ఫజర్ వేళ వరకు కుడుతుంది. మనలో ఎండాకాలం మిద్దెమీద పడుకునేవారు ఎక్కువ. చంటిపిల్లలకు, గర్భిణీ స్త్రీలకు తెర తప్పనిసరి. మలేరియా వాళ్ళకే ఎక్కువ కీడు చేస్తుంది.

జ్వరం వచ్చిందనుకోండి. వణుకు, కాక, చెమట, ఈ వరసలో వస్తే అనుమానించాలి. ఏ వరసా లేకుండా కూడా రావచ్చు. మెడికల్ షాపులో రెండు బిళ్ళలు కొనుక్కుని ఊరుకోవద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తపరీక్ష ఉచితం, ఆశా కార్యకర్త దగ్గర కూడా చేయించుకోవచ్చు. మన పిల్లలు చాలామంది బెంగుళూరుకు, ముంబైకి పనులకు పోతున్నారు. లారీలమీద దేశమంతా తిరిగేవాళ్ళున్నారు. ఊరికి వచ్చాక జ్వరం తగిలితే, ఎక్కడి నుంచి వచ్చారో డాక్టరుకు చెప్పండి.

ఇంకొక ముఖ్యమైన మాట. వైవాక్స్ రకం మలేరియా క్రిమి కాలేయంలో దాక్కుంటుంది. జ్వరం మూడు రోజుల్లో తగ్గుతుంది, దాక్కున్నది మిగిలే ఉంటుంది. అందుకే 14 రోజులు ప్రిమాక్విన్ అనే మాత్ర ఇస్తారు. జ్వరం పోయింది కదా అని నాలుగోనాడు మానేస్తే, నెలల తర్వాత అదే జ్వరం దోమ కుట్టకుండానే తిరిగి వస్తుంది. అంతకన్నా చెడ్డది, ఇంట్లో ఉన్న దోమకు మళ్ళీ క్రిమి దొరుకుతుంది. ఈ మాత్ర గర్భిణీలకు, చంటిబిడ్డలకు ఇవ్వరు. కొందరి రక్తానికి పడదు. కాబట్టి డాక్టరు చెప్పినట్టే వాడాలి, చెప్పినన్ని రోజులూ వాడాలి. ఫాల్సిపేరం రకం మెదడుకు ఎక్కి ప్రాణం తీయగలదు. దానికి మందులు వేరు. అందుకే పరీక్ష ముందు, మాత్ర తర్వాత.

చివరగా కార్యవర్గానికి నాదొక విన్నపం. దోమకు గడప తెలియదు. పది ఇళ్ళు తొట్లు తోమి, పదకొండో ఇల్లు వదిలేస్తే, ఆ ఒక్క తొట్టి వీధికంతా చాలు. కాబట్టి ఇది ఒక్కో ఇంటి పని కాదు, సంఘం పని. వీధికి ఇద్దరు పిల్లల్ని ఎంచండి. వాళ్ళ చేతికొక టార్చి లైటు, ఒక నోటు పుస్తకం ఇవ్వండి. శుక్రవారం పొద్దున ఇల్లిల్లూ తిరిగి, ఖాలాను, ఫూఫీని అడిగి తొట్టి చూసి, పురుగు ఉందో లేదో రాసుకొస్తారు. మూత కొనుక్కోలేని ఇల్లుంటే సంఘం తరఫున ఒక బండ కోయించి ఇవ్వండి. వితంతువుల ఇళ్ళు, ముసలివాళ్ళు ఒంటరిగా ఉన్న ఇళ్ళు ముందు చూడండి. వాళ్ళకు తొట్టి వంచే బలం ఉండదు, ఆ పని పిల్లలే చేసి రావాలి. ఖర్చు స్వల్పం. మనలో బండల పనివాళ్ళకు కొదవ లేదు.

వాన కురిపించడం మన చేతిలో లేదు. కొళాయి రోజూ వదిలించడం కూడా ఇంకా మన చేతికి రాలేదు. తొట్టికి మూత వేయడం మాత్రం ఈ సాయంత్రమే మన చేతిలో ఉంది.